పదిహేను రోజుల చేతులు

గాజువాక ఆటోనగర్‌లో రేకుల షెడ్డు కింద ట్రేడ్ టెస్టు.
ఆరంగుళాల పైపు, నలభై ఐదు డిగ్రీల వాలు.
పైపు కదలదు. మనమే దాని చుట్టూ
పొర్లుదండాలు పెట్టాలి,
ఒకసారి మోకాళ్ళ మీద, ఒకసారి వెల్లకిలా.

జొహోర్ యార్డు నుంచి వచ్చిన పెద్దమనిషి
నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు.
నా అతుకు కోసి, పట్టీ తీసి, ప్రెస్సులో పెట్టి వంచాడు.
ఇనుము లాడంలా వంగింది.
వెంట్రుకంత పగులు లేదు.
బొటనవేలు పైకెత్తి చూపించాడు.
సింధియాలో ఓడల కడుపుల్లో దూరి
పొగ మింగిన పదకొండేళ్ళూ
ఆ ఒక్క వేలి మీద నిలబడ్డాయి.

"వీసా కంపెనీది, తిండి కంపెనీది,
విమానం టికెట్టూ కంపెనీదే" అన్నాడు ఏజెంటు జగ్గారావు.
"నా ఖర్చులు మాత్రం నీవి."
యాభై వేల చీటీ ముప్పై ఎనిమిదికి పాడేశాను.
పన్నెండు వేలు ఎటుపోయాయని నూకరత్నం అడగలేదు,
రొయ్యల కంపెనీలో రెండో షిఫ్టు అడిగింది.

మెడికల్లో బరువు సరే, బీపీ సరే.
ఛాతీ ఫోటోకి ఊపిరి బిగబట్టమంటే
లోపలి పొగ కనబడుతుందేమోనని
వాళ్ళు వదలమన్నాక కూడా వదల్లేదు.
అదీ సరే.
చివర్లో ఒక గాజుపలక, కింద పచ్చటి వెలుగు.
"వేళ్ళు పెట్టండి" అంది ఆ అమ్మాయి.
"మళ్ళీ పెట్టండి. తుడిచి పెట్టండి.
గట్టిగా. అంత గట్టిగా కాదు.
ఎడమ చెయ్యి."
యంత్రం ఎవరూ లేరంది.
నేను అక్కడే నిలబడి ఉన్నాను.

"ఏం పని చేస్తారు?"
"వెల్డింగండి."
"పదిహేను రోజులు మానేసి రండి.
రాత్రిపూట కొబ్బరినూనె రాయండి. గీతలు అవే వస్తాయి."

మెట్ల మీద కూర్చుంటే అర్థమైంది.
కంపెనీకి పని చేసిన చేతులు కావాలి,
సర్కారుకి పని చెయ్యని చేతులు.
నాకున్నవి రెండే.

పనిలేని మనిషికి ఈ ఊరు ఇంత పొడుగని తెలీదు.
కాన్వెంట్ జంక్షన్ నుంచి హార్బరు దాకా నడుస్తాను.
నిరుడు అడుగు మార్చిన టగ్గు
నా ముందు నుంచే పోతుంది, పలకరించదు.
ఆ అతుకు మీద నా పేరు లేదు.
నీళ్ళు లోపలికి రాకపోవడమే నా సంతకం.

ఇంట్లో గిన్నె ముట్టుకోనివ్వదు నూకరత్నం.
"నీ వేళ్ళరిగితే మలేషియా అరిగిపోద్ది."
ఓ రాత్రి నూనె రాస్తుంటే తన వేళ్ళు చూశాను.
ఐసులో రొయ్యలు ఒలిచి ఒలిచి
నానిన అటుకుల్లా తెల్లగా.
రేషన్ మిషను తనని మూడు నెలలుగా గుర్తుపట్టడం లేదట.
"సెప్పలేదేటి?"
"సెప్తే నువ్వేటి సేస్తావు? గుంటడి చెయ్యి పెట్టించి తెస్తన్నాను."
ఇంట్లో గీతలున్నది
ఎనిమిదేళ్ళ వాడికొక్కడికే.

పన్నెండో రోజు, సెల్లు లైటు కింద,
ఆటు తీశాక తడి ఇసుక మీద మిగిలే చారల్లా
సన్నగా ఏవో.
ఊదితే పోతాయేమోనని ఊపిరి తిప్పుకున్నాను.

పదమూడో రాత్రి పైడిరాజు ఫోను.
"బార్జికి చిల్లు పడింది మావా, తెల్లారేసరికి నీట్లో ఉండాలి.
మూడింతల కూలి. గ్లవ్సులు రెండు జతలు తొడుక్కుందువులే."
ఆలోచించి చెప్తానన్నాను.
చీటీ వాయిదా ఎల్లుండి.
నూకరత్నం గోడవైపు తిరిగి పడుకుంది,
అరచేతులు చంకల్లో దాచుకుని.

తిరిగి చెయ్యాలో మానాలో తేలకుండానే
ఫోను చేతిలోకి తీసుకున్నాను.
ఇన్నేళ్ళూ అంకెలు నొక్కించుకుంటే తప్ప తెరుచుకోనిది,
బొటనవేలు ఊరికే ఆనిందంతే,
మొదటిసారికే గుర్తుపట్టింది.